మంత్రిగారూ, ఎండకాలంలో ఏ కొండదారి ఎక్కాలి?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రిగారికి,

నేను జగిత్యాల జిల్లాకు చెందిన ఒక బైక్ ప్రయాణికుణ్ణి.

వేసవి సెలవులు మొదలయ్యాయంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో యువకుల మధ్య ఒకటే ముచ్చట: బండ్లు వేసుకుని ఎటు పోదాం? గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన అన్న, డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న తమ్ముడు, సాంచాల (మరమగ్గాల) పని నుంచి రెండు రోజులు తెరిపి దొరికిన సిరిసిల్ల కార్మికుడు, అందరి నోటా దాదాపు అవే పేర్లు వస్తాయి. కుంటాల, మహబూబ్ ఘాట్, కెరమెరి ఘాట్, జోడేఘాట్. ఇంకాస్త దూరం పోగలిగినవాళ్లు అరకు, లంబసింగి అంటారు. ఫోన్లో ఒక వీడియో చూస్తారు. పచ్చటి లోయ, మలుపు మలుపుకూ మబ్బులు, నిండుగా దూకుతున్న జలపాతం. మరునాడు పొద్దెక్కాక బయల్దేరుతారు. ఆ వీడియో ఆగస్టులో తీసినది. వీళ్లు పోతున్నది మే నెలలో.

ఈ తేడా వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను. కొండదారిని ఎంచుకునేటప్పుడు అందంతో పాటు ఇంకో నాలుగు సంగతులు చూసుకోవాలి: ఏ నెల, ఎంత ఎత్తు, ఏ గంట, ఏ బండి. ఈ నాలుగూ తెలిసినవాడికి ఎండకాలపు కొండ ప్రయాణం జీవితాంతం గుర్తుండే ఆనందం. తెలియనివాడికి అదే ప్రయాణం వడదెబ్బ కావచ్చు, ఇంకా ఘోరమూ కావచ్చు. ఆ నాలుగు సంగతులూ ప్రజలకు ముందే చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదని నా నమ్మకం. దారులు ఎలా ఎంచుకోవాలో నాకు తెలిసినంత మేరకు ఇక్కడ చెబుతాను. చివర మిమ్మల్ని కోరేవి కోరుతాను.

ముందు మా భాగ్యం గురించి. మా మూడు పట్టణాలకూ కొండదారులు దూరం కావు. గోదావరి దాటితే ఆదిలాబాద్ గుట్టలు మొదలవుతాయి. జగిత్యాల నుంచి ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటితే లక్షెట్టిపేట. కమ్మునూరు దగ్గర వంతెన ఎక్కి కలమడుగులో దిగితే జన్నారం. కోరుట్ల, మెట్‌పల్లి వాళ్లు బాదనకుర్తి మీదుగా నది దాటితే ఖానాపూర్. ఈ మూడు దారుల్లో ఏది పట్టుకున్నా కాసేపట్లో టేకు అడవిలో ఉంటారు. జన్నారం నుంచి ఉట్నూరు, అక్కడి నుంచి జైనూరు, కెరమెరి ఘాట్, ఆసిఫాబాద్. మధ్యలో హట్టి దగ్గర తిరిగితే కొమురం భీం 1940లో నిజాం బలగాలతో పోరాడి నేలకొరిగిన జోడేఘాట్. ఉట్నూరు నుంచి గుడిహత్నూర్ వైపు తిరిగితే 1981 ఏప్రిల్ 20 కాల్పుల్లో ప్రాణాలు పోయిన గిరిజనుల స్మారక స్తూపం ఉన్న ఇంద్రవెల్లి. జైనూరు పక్కనే మర్లవాయి. 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు గోండుల మధ్య ఉండి పనిచేసిన ఊరు అది. ఒక దారి మీద ఇంత చరిత్ర, ఇంత అడవి, ఇన్ని మలుపులు ఉండడం అరుదు. సిరిసిల్ల వాళ్లకు ఇంకా దగ్గరలో రుద్రంగి, మానాల గుట్టల మధ్య దారి ఉంది. ఒక పూటలో పోయి రావచ్చు.

ఇప్పుడు మొదటి సంగతి, నెల.

మన గుట్టల మీద అడవి ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి టేకు ఆకు రాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొమ్మలు మోడుగా నిలబడతాయి, రోడ్డు మీద నీడ ఉండదు. కడెం నది మీది కుంటాల జలపాతం వానలు పడ్డాక జూలై నుంచి డిసెంబర్ దాకా చూడదగ్గది. మే నెలలో పోతే కనిపించేది ఎండకు కాలే నల్లటి బండలు, వాటి మధ్య ఒక సన్నటి ధార, లేదా మడుగు. బోథ్ దగ్గరి పొచ్చెర అయినా అంతే. అంతదూరం పోయినవాళ్లు నిరాశతో బండల మీద నుంచి లోతు తెలియని మడుగుల్లోకి దిగుతారు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. జలపాతం కోసమైతే ఎండకాలంలో ఆదిలాబాద్ పోవద్దు. ఈ ఒక్క మాట గట్టిగా చెబితే చాలు, ఎంతోమందికి మేలు జరుగుతుంది.

అంటే ఎండకాలంలో ఆ దారిలో చూసేదేమీ లేదని కాదు. ఏప్రిల్, మే నెలల్లో రేల చెట్టు ఒక్క ఆకు కూడా కనిపించకుండా పసుపు పూల గుత్తులతో వేలాడుతుంది. మోడువారిన అడవిలో ఆ పసుపు దూరం నుంచే కంటికి తగులుతుంది. మార్చిలో పోతే మోదుగ పూల ఎరుపు. ఇప్ప పువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున అడవంతా ఆ తీపి వాసనే. దారి పక్క ఊళ్లలో తునికి పండ్లు, మొర్రి పండ్లు అమ్ముతారు. ఆకు లేదు కాబట్టి వానాకాలంలో కనిపించని కొండల అసలు ఆకారం, లోయ లోతు, అవతలి గుట్ట మీది గూడెం ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి. ఇది వేరే అందం. దాన్ని దానిలాగే చూపించి పిలవాలి. వానాకాలపు ఫొటో పెట్టి ఎండకాలపు ప్రయాణికుణ్ణి పిలవకూడదు.

రెండో సంగతి, ఎత్తు. కొండ ఎక్కితే చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఎంత ఎక్కితే ఎంత చల్లబడుతుందో లెక్క ఉంది. సుమారు వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. జగిత్యాల, కోరుట్ల సముద్రమట్టానికి మూడు వందల మీటర్లకు లోపలే ఉంటాయి. ఉట్నూరు, కెరమెరి వైపు దారులు మనకంటే రెండు మూడు వందల మీటర్లే ఎత్తు. దక్కే చల్లదనం ఒకటిన్నర, రెండు డిగ్రీలు. మా జిల్లాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అందులోంచి రెండు తీసేస్తే 43. అది చల్లదనం కాదు. మిట్టమధ్యాహ్నం చల్లగా ఉంటుందని ఆశపడి మన దగ్గరి ఘాట్‌లు ఎక్కడం వృథా.

నిజంగా చల్లదనం కావాలంటే తొమ్మిది వందల, వెయ్యి మీటర్ల ఎత్తు దారులు వెతుక్కోవాలి. మా వైపు నుంచి అలాంటివి రెండు దిక్కుల్లో ఉన్నాయి.

ఒకటి ఉత్తరాన ఉంది, దాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టి, పెన్‌గంగ దాటి, పాంఢర్‌కవడ, యవత్‌మాల్, అమరావతి, పరత్‌వాడ మీదుగా పోతే సాత్పూరా కొండల మీద చిఖల్‌దరా. ఎత్తు వెయ్యి మీటర్ల పైమాటే. విదర్భలో కాఫీ పండే చోటు అది. ఒకవైపు గావిల్‌గఢ్ కోట, చుట్టూ మేల్‌ఘాట్ పులుల అడవి. జగిత్యాల నుంచి నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి ఒక్క రోజులో పోదామనుకోవద్దు. ఆదిలాబాద్‌లోనో యవత్‌మాల్‌లోనో ఒక రాత్రి ఆగాలి. ఆదిలాబాద్‌లో ఆగినవాళ్లు పక్కనే నాందేడ్ జిల్లాలోని మాహూర్ గుట్ట ఎక్కి రేణుకమ్మను కూడా చూసుకుని పోవచ్చు. మన తెలంగాణ వాళ్లకు ఆ గుడి పరాయిది కాదు.

రెండోది తూర్పున ఉంది. వరంగల్, ఏటూరునాగారం మీదుగా భద్రాచలం చేరి, అక్కడి నుంచి చింతూరు, మారేడుమిల్లి ఘాట్, రంపచోడవరం. ఆ తరువాత 516ఇ జాతీయ రహదారి మీద చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు. కొండల వరుస మధ్య నుంచి పోయే ఈ దారి తెలుగు నేల మీది కొండదారుల్లో అన్నిటికన్నా మేలైనదని నా అభిప్రాయం. మారేడుమిల్లి ఎత్తులో పెద్దది కాకపోయినా అక్కడి అడవి మే నెలలోనూ మన అడవిలా బోసిపోదు. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది 1922 ఆగస్టు 22న. వంద ఏళ్ల కిందటి ఆ పోరాటం ఏ కొండల్లో జరిగిందో ఆ మలుపులు తిరుగుతుంటే తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో వాన చినుకు పడితే కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. అరకు ఎత్తు తొమ్మిది వందల మీటర్ల పైన, లంబసింగి దాదాపు వెయ్యి. అయితే జగిత్యాల నుంచి అరకు ఆరు వందల కిలోమీటర్లు దాటుతుంది. వారం రోజుల తీరిక ఉన్నవాళ్లకే ఆ దారి. మూడు రోజుల సెలవులో పోయి రావాలనుకునేవాళ్లు తిరుగు ప్రయాణంలో నిద్రమత్తుతో బండి నడుపుతారు. ఆ పని చేయవద్దు.

ఈ రెండూ కాక దక్షిణాన నల్లమల ఉంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు దాటాక అమ్రాబాద్ పీఠభూమి మన ఆదిలాబాద్ గుట్టలకన్నా ఎత్తు. అయితే అది పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూస్తారు. ఆ సంగతి తెలియక రాత్రి పదింటికి మన్ననూరు చెక్‌పోస్టు చేరినవాడికి తెల్లారేదాకా రోడ్డు పక్కనే కాపలా.

దీంతో మూడో సంగతికి వచ్చాం. ఏ గంట?

ఎండకాలంలో కొండదారి తెల్లవారుజామున నాలుగింటికి మొదలై పదిలోపు ముగియాలి. కావాలంటే మళ్లీ సాయంత్రం నాలుగు తరువాత. దీనికి కారణం ఎండ కళ్లకు కొట్టడం ఒక్కటే కాదు. గాలి వేడి మన ఒంటి వేడిని, అంటే 37 డిగ్రీలను దాటాక, బండి ఎంత వేగంగా పోతే ఒంటికి అంత వేడి తగులుతుంది. చెమట పట్టిన క్షణంలోనే గాలికి ఆరిపోతుంది కాబట్టి చెమట పట్టలేదని అనుకుంటాం. ఒంట్లో నీళ్లు తగ్గుతున్న సంగతి తెలియదు. తల తిరగడం మొదలయ్యేసరికి మలుపు మధ్యలో ఉంటాం. మధ్యాహ్నం రెండింటికి తారు కూడా మెత్తబడి మెరుస్తుంది, ముందు చక్రం పట్టు తప్పుతుంది. పొద్దున్నే పోయినవాడికి ఈ బాధ ఏదీ ఉండదు. పైగా అడవి అందం ఉండేది పొద్దున్నే. నాలుగింటికి జగిత్యాలలో బయల్దేరితే తెల్లారేసరికి జన్నారం. కవ్వాల్ అడవిని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడా రాత్రి రాకపోకల మీద ఆంక్షలు ఉండవచ్చు కాబట్టి ఆ వేళకు చేరితే సరిగ్గా సరిపోతుంది.

అయితే ఆ వేళకు దారి మీద మనం ఒక్కరమే ఉండం. ఏప్రిల్, మే నెలలు తునికాకు కోత కాలం. గోండు, కోలాం ఆడవాళ్లు చీకటితోనే అడవికి నడిచి పోతారు, ఎండ ముదిరేలోగా ఆకు కట్టలు నెత్తిన పెట్టుకుని రోడ్డు అంచునే తిరిగి వస్తారు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఇళ్లలో ఆడవాళ్లు చుట్టే బీడీ ఆ ఆకుతో చుట్టేదే. మన ఇంటి కూలికి ఆకు కోసేవాళ్లు వాళ్లు. వాళ్ల పక్క నుంచి సైలెన్సర్ మోత మోగిస్తూ ఎనభై వేగంతో పోవడం మర్యాద కాదు. ఎండిన ఆకు మీద పారేసిన ఒక్క సిగరెట్ ముక్క కొండనంతా కాలుస్తుంది. అది వాళ్ల జీవనాన్నే కాల్చడం.

నాలుగో సంగతి, బండి. మా ఊళ్లలో కొండ ఎక్కేవాళ్లలో ఎక్కువమంది దగ్గర ఉండేది పెద్ద ఇంజన్ల ఖరీదైన బైకులు కావు. వంద, నూట పాతిక సీసీ బండ్లు, వెనక భార్యో దోస్తో, ముందు ట్యాంకు మీద బ్యాగు. ఈ బండితో ఏ కొండదారైనా ఎక్కవచ్చు, నిదానంగా. ఎక్కడంలో బండి మనల్ని మోసం చేయదు, రెండో గేరులో మూలుగుతూనైనా ఎక్కుతుంది. మోసమంతా దిగడంలోనే ఉంది.

దిగడం అనే మాట రాయగానే మా జిల్లాలో ఎవరికైనా కొండగట్టు గుర్తుకొస్తుంది. 2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాలకు వస్తున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ దిగుతూ లోయలో పడింది. అరవై మందికి పైగా చనిపోయారు. బస్సులో ఉండాల్సినవాళ్లకన్నా చాలా ఎక్కువమంది ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కో వాడలో ఒకేరోజు ఎన్నో పాడెలు లేచాయి. కొండగట్టు చాలా చిన్న ఘాట్. హిమాలయాలతో పోలిస్తే అది గుట్ట కూడా కాదు. అయినా అంత ప్రాణనష్టం జరిగింది. ఘాట్ ప్రమాదానికి కొండ పెద్దదై ఉండనక్కరలేదని దేశానికి చెప్పిన ఊరు మాది. మా మాట మీరు వినాలి.

బైక్ దిగడం ఎలాగో దగ్గర నుంచి చెబుతాను. పైన టీ తాగి, ఫొటోలు దిగి, దించుడే కదా అని చాలామంది గేరు న్యూట్రల్‌లో వేస్తారు. కొందరు పెట్రోల్ మిగులుతుందని ఇంజన్ కూడా ఆపేస్తారు. అప్పుడు బండి బరువు, ఇద్దరు మనుషుల బరువు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. చిన్న బండ్లకు వెనక ఉండేది డ్రమ్ బ్రేక్. రెండు మూడు మలుపులు వరుసగా తొక్కేసరికి అది వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ తరువాత పెడల్ తొక్కినా ఆగవలసినంత ఆగదు. అదే బండిని రెండో గేరులో పెట్టి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే పట్టి ఉంచుతుంది. బ్రేకు మలుపుకు ముందు మాత్రమే వాడాలి, మలుపులో కాదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల సూత్రం బైకుకూ వర్తిస్తుంది.

మలుపు లోపలి అంచున ఏముందో చూడాలి. ఎండకాలంలో అక్కడ విస్తరాకంత వెడల్పున్న టేకు ఆకులు పేరుకుని ఉంటాయి, వాటి కింద వానలకు కొట్టుకొచ్చిన కంకర. పైకి చదునుగా కనిపిస్తుంది, చక్రం ఎక్కగానే జారుతుంది. అందుకని లోపలి అంచు కోసుకుంటూ తిరగకూడదు, మన ఎడమ వరస మధ్యలో నిలవాలి. ఎదురు వరసలోకి అసలే పోకూడదు, ఎదురుగా వచ్చే లారీకి మనం కనిపించం. ఇరుకు ఘాట్‌లో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఈ మాట ఎంతమందికి తెలుసు? వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ కావాలి, అదీ ఐఎస్ఐ గుర్తు ఉన్నదే. అమ్మకానికి పెట్టే ప్రతి బైక్ హెల్మెట్‌కు ఆ గుర్తు ఉండి తీరాలని 2021 జూన్ 1 నుంచి కేంద్రం నియమం పెట్టింది. రోడ్డు పక్క అమ్మే తేలిక టోపీ తలను కాపాడదు.

మంత్రిగారూ, ఇవన్నీ ఒక్కో బైక్ ప్రయాణికుడు ఒక్కో దెబ్బ తిని నేర్చుకోవాలా? ప్రభుత్వం ముందే చెప్పవచ్చు. పెద్ద ఖర్చు కూడా కాదు. నేను కోరేవి ఇవి.

మొదటిది, ఘాట్ దారుల పట్టిక. రాష్ట్రంలోని ప్రతి కొండదారికీ తెలుగులో ఒక పేజీ ఉండాలి. ఏ నెలలు బాగుంటాయి, ఏ నెలలు వద్దు. ఎత్తు ఎంత. అడవి గేటు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు. చివరి పెట్రోల్ బంకు ఎక్కడ. తాగునీళ్లు ఎక్కడ. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏది. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది, ఎక్కడ తిరిగి వస్తుంది. అమెరికాలో బ్లూ రిడ్జ్ పార్క్‌వే అని 469 మైళ్ల కొండదారి ఉంది. దాని మీద ప్రతి మైలుకూ నంబరు రాయి ఉంటుంది, ఏ మైలు నుంచి ఏ మైలు దాకా ఈ రోజు మూసి ఉందో ఇంట్లో ఉండగానే తెలుసుకోవచ్చు. సరుకు లారీలకు అక్కడ అనుమతే లేదు. అంత పెద్ద ఏర్పాటు మనకు వెంటనే రాకపోవచ్చు. సమాచారమైనా రావచ్చు కదా.

రెండోది, మలుపులకు నంబర్లు. తమిళనాడు కొల్లి కొండల దారిలో 70 మూలమలుపులకూ నంబర్లు రాసి ఉంటాయి. కెరమెరి ఘాట్‌లో బండి జారి పడినవాడు 108కి ఫోన్ చేస్తే ఎక్కడున్నాడో ఎలా చెబుతాడు? చుట్టూ ఒకేలాంటి అడవి, ఒకేలాంటి మలుపు. బోర్డు మీద ఒక్క అంకె ఉంటే అంబులెన్స్‌కు పది నిమిషాలు కలిసొస్తాయి. ఆ పది నిమిషాల్లో ఒక ప్రాణం నిలబడవచ్చు. ఈ పని రోడ్లు భవనాల శాఖది అయితే మీరు చొరవ తీసుకుని చేయించండి. దిగే దారి మొదట్లోనే పెద్ద అక్షరాలతో ‘రెండో గేరులో దిగండి, న్యూట్రల్ వద్దు’ అని రాయించండి.

మూడోది, ఎండకాలం మొదలయ్యేముందు మలుపుల్లోని కంకర, ఆకు ఊడ్పించడం. పడిపోయిన రక్షణ గోడలు, వంగిన రెయిలింగులు సరిచేయించడం. కనిపించని మలుపుల్లో కుంభాకార అద్దాలు పెట్టించడం. కొండగట్టు దగ్గర ఈ పని మరీ ముఖ్యం. గుట్ట మీది గుడిలో ఏప్రిల్‌లో చిన్న హనుమాన్ జయంతి, మే నెలలో పెద్ద హనుమాన్ జయంతి. ఆ రోజుల్లో దీక్షాస్వాములు ఎక్కడెక్కడి నుంచో కాలినడకన వస్తారు. బైకులు, కార్లు, నడిచే భక్తులు ఒకే సమయంలో గుట్ట మీద ఉంటారు. నడిచేవాళ్లకు వేరే దారి, వాహనాలకు ఎక్కే దారి, దిగే దారి వేరువేరుగా ఉండేలా చూడాలి. తిరుమలలో 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చింది, 1974లో రెండోది. అప్పటి నుంచి ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఎదురుపడే బాధ తప్పింది. అక్కడ నిర్ణయించిన సమయంకన్నా ముందే చేరిన వాహనాన్ని ఆపి అడుగుతారు కూడా. వేగాన్ని అదుపు చేయడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు.

నాలుగోది, నీడ, నీళ్లు. కెరమెరి ఘాట్ కింద ఒకటి, పైన ఒకటి చొప్పున చలివేంద్రం, కూర్చోవడానికి నాలుగు బెంచీలు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. వాటిని అక్కడి ఆదివాసీ మహిళా సంఘాలకు అప్పగించండి. తునికి పండ్లు, సారపప్పు, తేనె, జొన్న అంబలి అక్కడే అమ్ముకుంటారు. మా పిల్లలు ఖర్చుపెట్టే డబ్బు ఆ అడవి మనుషులకు అందుతుంది. పర్యాటకం అంటే మనం పోయి చూసి రావడం మాత్రమే కాకూడదు, అక్కడున్నవాళ్లకు కూలి దక్కాలి.

ఐదోది, ప్రచారం. ఫొటో కింద నెల పేరు వేయించండి. ‘కుంటాల, సెప్టెంబర్’ అని ఉంటే చాలు, చూసినవాడికి మేలో పోకూడదని అర్థమవుతుంది. ఎండకాలానికి ఎండకాలపు ఫొటోలే పెట్టండి. రేల పూలు, తెల్లవారుజాము జోడేఘాట్, పొద్దుగూకే వేళ ఆకులేని అడవి మీద పరచుకునే ఎరుపు. మన గుట్టలను వాటి నిజమైన కాలంలో, నిజమైన రంగుతో పరిచయం చేయండి.

ఈ లేఖ చదివే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యువతకు కూడా ఒక మాట. తమ్ముళ్లారా, ప్రభుత్వం ఈ పనులు చేసేదాకా మీ ప్రాణం మీ చేతుల్లోనే ఉంది. ఒక్కరోజే సెలవు ఉంటే మానాల, కొండగట్టు చాలు. రెండు రోజులుంటే ఉట్నూరు, జోడేఘాట్, తెల్లవారుజామున మాత్రమే. నాలుగైదు రోజులుంటే చిఖల్‌దరా. వారం ఉంటే లంబసింగి, అరకు. జలపాతాలను ఆగస్టుకు వాయిదా వేయండి, అవి ఎక్కడికీ పోవు. లీటరు నీళ్ల సీసాలు రెండు, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు, పంక్చర్ సామాను, మెడకు తడి తువాల లేకుండా బయటికి అడుగుపెట్టకండి. గల్ఫ్ నుంచి వచ్చిన అన్నలు రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి ఇంటికి వస్తారు. వాళ్ల సెలవు ఆసుపత్రిలో గడవకూడదు.

మంత్రిగారూ, మా ప్రాంతం నుంచి యువకులు భీవండికి, బొంబాయికి, దుబాయికి, మస్కట్‌కు బతుకుతెరువు కోసం పోయారు. ఇప్పుడిప్పుడే తమ పక్కనున్న కొండలను తమవిగా చూసుకోవడానికి బండి తీస్తున్నారు. ఇది మంచి మార్పు. దీన్ని ఆపవద్దు, దారి చూపండి. వచ్చే ఎండకాలానికి ముందే కనీసం ఆ పట్టికా, ఆ మలుపుల నంబర్లూ వచ్చేలా చూడమని మా మూడు పట్టణాల తరఫున మిమ్మల్ని కోరుతున్నాను.

భవదీయుడు,
జగిత్యాల జిల్లా నుంచి ఒక బైక్ ప్రయాణికుడు